నీళ్లంటే బుగులున్నా స్కూబా చేయొచ్చు అక్కా, కానీ ముందు ఆ చివరి రోజు ప్లాన్ మార్చండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 46 ఏళ్లు, మా ఆయనకు 52. వడ్ల కమీషన్ వ్యాపారం. పెళ్లయి పాతికేళ్లు కావస్తున్నా తిరుపతి, శ్రీశైలం, చుట్టాల పెళ్లిళ్లు తప్ప ఎక్కడికీ పోయింది లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి వచ్చే ఫిబ్రవరిలో మమ్మల్ని అండమాన్ తీసుకుపోతానని ఐదు రోజులకు టికెట్లు, అక్కడి హేవ్‌లాక్ దీవిలో సముద్రం ఒడ్డున రిసార్టు బుక్ చేశాడు. అందులో స్కూబా డైవింగ్ కూడా ఉంది, అదే వీపున సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగేది. చివరి రోజు తెల్లవారుజామున పెట్టాడు, అది చూసుకుని మధ్యాహ్నం ఫ్లైట్. నాకు ఈత రాదు. చిన్నప్పుడు బావిలో జారి పడితే మా చిన్నాయన జుట్టు పట్టి లాగాడు, ఇప్పటికీ మెడ దాకా నీళ్లొస్తే బుగులు. మా ఆయన ఎడమ కాలువలో ఈత కొడుతూ పెరిగాడు, ఆయనకు ఒకటే హుషారు. కానీ ఆరేళ్లుగా బీపీ గోలీ వేసుకుంటున్నాడు, డైవింగ్ వాళ్లిచ్చే ఆరోగ్యం ఫారంలో అడిగితే "లేదు" అని రాస్తానంటున్నాడు. మా అత్తమ్మేమో "పైసలు పోసి నీళ్లల్ల మునుగుడేందే, సాగర్ పోయి మునగరాదు" అంటోంది. ఇంకో మాట, నవ్వకండి. ఐదు రోజులు ఏ పనీ లేకుండా ఒకచోట కూర్చోవడం నా వల్ల అయ్యే పనేనా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అక్కా, నవ్వలేదు. ఆ చివరి ప్రశ్న చదివి మా ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అది మా కథ కూడా కాబట్టి. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడగని విషయం ఒకటుంది. మీ అబ్బాయికి ఈ రోజే ఫోన్ చేసి, చివరి రోజు స్కూబా తీసేసి మూడో రోజుకు మార్చమనండి. డైవ్ చేసిన రోజే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్లు పాటించే లెక్క, చాలా సెంటర్లు ఎందుకొచ్చిన గొడవని 24 గంటలు అనే చెబుతాయి. కారణం పెద్ద విచిత్రమేమీ కాదు. నీళ్ల అడుగున మనం పీల్చే గాలి ఒత్తిడి మీద ఉంటుంది, దాంతో అందులోని నైట్రోజన్ రక్తంలోకి, ఒంట్లోకి మామూలు కంటే ఎక్కువగా కలిసిపోతుంది. పైకొచ్చాక అది నిమ్మళంగా ఊపిరితో బయటికి పోవాలి. గోలీ సోడా కొట్టగానే బుస్సున పొంగుతుంది కదా, అప్పటిదాకా లోపల కనపడకుండా ఉన్న గ్యాసు ఒత్తిడి తగ్గేసరికి బుడగలై బయటపడుతుంది. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, 2,000 మీటర్ల పైచిలుకు కొండెక్కి కూర్చున్నట్టు ఉంటుంది. పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం అందులో కూర్చుంటే మన ఒంట్లోనే ఆ సోడా మూత తీసినట్టు. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు మొదలుకుని అంతకంటే పెద్ద కష్టాల దాకా పోవచ్చు. పిల్లవాడి తప్పేం లేదు, ఫెర్రీ టైములు, ఫ్లైట్ టైములు కలిపి చూసుకుంటే ఆ ఖాళీయే కనపడి ఉంటుంది. మూడో రోజు పొద్దున చేస్తే మీకు తర్వాత రెండు రోజులుంటాయి, అవి కూర్చోవడానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఈత సంగతి. మీ అబ్బాయి బుక్ చేసింది బహుశా మొదటిసారి వచ్చేవాళ్లకు చేయించే డైవే అయ్యుంటుంది, దానికి ఈత అక్కర్లేదు. లోతు 12 మీటర్లు దాటనివ్వరు, అంటే మన లెక్కలో 13 గజాల బావి. చాలాసార్లు అంత కూడా పోరు, ఆరేడు మీటర్ల దగ్గరే చేపలన్నీ కనపడతాయి. మీ వెనక ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకునే ఉంటాడు, పైకీ కిందికీ తీసుకుపోవడం, జాకెట్‌లోకి గాలి నింపడం, తీయడం అన్నీ ఆయన పనే. మీ పని ఊపిరి పీల్చి వదలడం, చెవులు చూసుకోవడం, అంతే. నీళ్ల కింద ఉండేది ఇరవై, ముప్పై నిమిషాలు. కానీ మీ అబ్బాయి ఉత్సాహంలో "అమ్మా, మూడు నాలుగు రోజుల కోర్సుంది, లైసెన్సు వస్తుంది" అంటే మాత్రం వద్దనండి. దానికి 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు మునగకుండా తేలాలి, అది వేరే సంగతి.

బుక్ చేసేటప్పుడు రెండు మాటలు అడగమనండి. ఒకటి, ఒక మనిషికి ఒక ఇన్‌స్ట్రక్టరేనా. రెండు, లోతుకు పోయే ముందు నడుములోతు నీళ్లలో ఎంతసేపు నేర్పిస్తారు. ఈ రెండోది ముఖ్యం. నేను మొదటిసారి పోయినచోట ఒడ్డు మీదే రెండు నిమిషాలు గడగడా చెప్పి, సూటు తొడిగి, పదండి పదండి అన్నారు, వెనక ఇంకో బ్యాచ్ నిలబడి ఉంది. మాస్క్‌లోకి నీళ్లొస్తే ఏం చేయాలో చెప్పారు గానీ చేయించలేదు. తీరా నా మాస్క్‌లోకి వచ్చాయి, నేను పరేషానై అయిదు నిమిషాల్లో పైకొచ్చేశా, పైసలన్నీ గోవిందా. నీళ్లెందుకొచ్చాయో తర్వాత తెలిసింది, నా మీసం. ముక్కు కింద వెంట్రుకలుంటే మాస్క్ అంచు చర్మానికి అతకదు, సందులోంచి ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి. మీ ఆయన మీసం ఎట్లాంటిదో నాకు తెలియదు, ముక్కు కింద గీత మందం తీయించుకుంటే చాలు, మొత్తం తీయక్కర్లేదు, మర్యాదకు లోటు రాదు.

రెండో ఏడు ఇంకోచోటికి పోయా. అక్కడి పిల్లవాడు, ఇరవై నాలుగేళ్లుంటాయేమో, అరగంట సేపు నడుములోతులో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. ముందు మాస్క్ పెట్టుకుని మొహం నీళ్లలో ఉంచి నోటితో ఊపిరి తీయడం. ఇది రాసినంత తేలిక కాదు అక్కా, పుట్టినప్పటి నుంచి ముక్కుతో పీల్చిన ఒళ్లు కాబట్టి రెండు మూడు నిమిషాలు గొంతు దగ్గర పట్టేసినట్టుంటుంది, ప్రాణం పైకి పైకి అంటుంది. పదో ఊపిరికో పదిహేనో ఊపిరికో ఒక్కసారిగా వదులుతుంది. పీల్చినప్పుడు బుస్సున శబ్దం, వదిలినప్పుడు చెవుల పక్కనుంచి బుడబుడా బుడగలు, ఇక ఆ రెండు శబ్దాలే లోకం. తర్వాత మాస్క్‌లోకి కావాలని కొంచెం నీళ్లు రానిచ్చి, పై అంచు నొక్కిపట్టి ముక్కుతో గట్టిగా ఊదమన్నాడు, నీళ్లు కింది నుంచి పోయాయి. నోట్లో రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలి పీల్చే గొట్టం మూతి, తీసి మళ్లీ పెట్టుకోమన్నాడు. ఇవి మూడు నాలుగుసార్లు చేశాక భయం సగం పోయింది. మీకు కూడా ఇట్లా చేయించకుండా లోతుకు తీసుకుపోతామంటే పైసలు పోయినా సరే, రాను అని చెప్పేయండి.

అన్నట్టు, వీపున కట్టేది ఆక్సిజన్ సిలిండర్ అని అందరూ అంటారు, ఆక్సిజన్ కాదది. మనం పీల్చే మామూలు గాలినే వడగట్టి, ఒత్తి నింపుతారు.

సైగలు కూడా అక్కడే నేర్పిస్తారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగానే ఉంది". అరచేయి చాపి ఇటూ అటూ ఊపితే "ఏదో తేడాగా ఉంది", ఆ తర్వాత ఎక్కడ తేడానో చూపించాలి, చెవి అయితే చెవి. బొటనవేలు పైకెత్తితే మనకు "సూపర్", అక్కడ మాత్రం "నన్ను పైకి తీసుకుపో" అని అర్థం. మా బావమరిది కెమెరా కనపడగానే రెండు చేతులతో రెండు బొటనవేళ్లు ఎత్తాడు. పాపం ఇన్‌స్ట్రక్టర్ పైకి తెచ్చేశాడు. ఏమైందంటే ఏం కాలేదు, మస్తుగుందని చెప్పిన అంటాడు. మీ ఆయనకు ఇది ఇప్పటి నుంచే అలవాటు చేయించండి, ఫోటో అనగానే బొటనవేలు లేచే చేతులు మనవి.

చెవుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మొదటిసారి పోయినవాళ్లలో చాలామంది ఇబ్బంది పడేది అక్కడే. శ్రీశైలం పోయేటప్పుడు ఈగలపెంట దాటి ఘాట్ దిగుతుంటే చెవులు దిబ్బళ్లు పడతాయి, గుటక వేస్తే టప్పుమని తెరుచుకుంటాయి గుర్తుందా, అదే ఇది, కాకపోతే నీళ్లలో చాలా తొందరగా వస్తుంది. మన నెత్తి మీద ఆకాశం దాకా ఉన్న మొత్తం గాలి ఎంత ఒత్తిడి పెడుతుందో కేవలం 10 మీటర్ల నీళ్లు అంత ఒత్తిడి పెడతాయి. అందుకే మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవి పట్టేస్తుంది. ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా ఊదితే చెవిలో టిక్‌మంటుంది, అప్పుడు సరిపోయినట్టు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, ప్రతి మూర దిగినప్పుడల్లా చేస్తూ పోవాలి. గట్టిగా ఊదొద్దు. నొప్పి తగ్గకపోతే ఆగి, కొంచెం పైకి పోయి మళ్లీ ప్రయత్నించాలి, పంతం పట్టి దిగితే చెవి గూబ పోతుంది. ఇంట్లో కూర్చుని ఇప్పటి నుంచే రోజుకు నాలుగుసార్లు మెల్లగా చేసి చూడండి, విమానం దిగేటప్పుడు మళ్లీ పనికొస్తుంది. జలుబు చేసి ముక్కు దిబ్బడగా ఉంటే ఆ రోజు డైవ్ వద్దు, గోలీ వేసుకుని పోదాం అనొద్దు, మందు పనిచేసే టైము నీళ్ల కిందే అయిపోతే పైకి రావడం కష్టమవుతుంది.

ఇక మీ బావి. అక్కా, ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, మీకు బుగులు పట్టింది నీళ్లను చూసి కాదేమో, ఊపిరి అందకపోవడం వల్లనేమో ఒకసారి ఆలోచించండి. ఇక్కడ ఊపిరి నోట్లోనే ఉంటుంది. అది మనసుకు చెబితే వినదు, ఒంటికి చూపించాలి. మీ అబ్బాయిని హైదరాబాద్ నుంచి ఒక మాస్క్, స్నార్కెల్ గొట్టం కొనుక్కు రమ్మనండి, పెద్ద టబ్బులో నీళ్లు పోసి, కుర్చీ వేసుకుని, ఎవరినైనా పక్కన పెట్టుకుని, మొహం ముంచి ఆ గొట్టంతో ఊపిరి తీయడం రోజుకు పది నిమిషాలు చేయండి. మీ అత్తమ్మ చూసి ఏమంటుందో నేను ఊహించగలను, అననివ్వండి. పండగ వెళ్లినప్పటి నుంచి మొదలుపెడితే ఫిబ్రవరి నాటికి మీ ఒంటికి ఆ సంగతి అర్థమవుతుంది. లేదూ, అక్కడికి పోయాక నడుములోతులోనే గుండె దడదడలాడి వద్దనిపించిందా, చేయి ఊపి బయటికి రండి. నీళ్ల కింద సగంలో అనిపించినా సరే, పైకి అని సైగ చేస్తే ఎందుకు అని అడక్కుండా తీసుకురావాలి, అది వాళ్ల పద్ధతి. కొడుకు పైసలు పెట్టాడు కదా అని ఓర్చుకునే పని కాదిది. స్నార్కెల్ ఉంది, లైఫ్ జాకెట్ వేసుకుని పైనే తేలుతూ మొహం మాత్రం నీళ్లలో పెట్టి చూడొచ్చు. ఎలిఫెంట్ బీచ్ దగ్గర మనిషి లోతుకు కొంచెం పైగా ఉన్నచోట కూడా పగడాలు, చేపలు కనపడతాయి.

మీకంటే మీ ఆయన గురించే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. కాలువల్లో, బావుల్లో ఈదినవాళ్లకు ఒక అలవాటుంటుంది, మునక వేసేటప్పుడు ఊపిరి బిగబట్టడం. మనం పిల్లలుగా పందేలు వేసుకున్నదే దాని మీద, ఎవడు ఎక్కువసేపు లోపలుంటాడని. స్కూబాలో అదే పెద్ద తప్పు. 10 మీటర్ల దగ్గర ఛాతీ నిండా పీల్చిన గాలి, బిగబట్టి పైకి వస్తే రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు అంత సాగవు. అందుకే ఎప్పుడూ ఊపిరి ఆడుతూనే ఉండాలి, పైకి వచ్చేటప్పుడు మరీనూ. ఈత రానివాళ్లు చెప్పింది చెప్పినట్టు వింటారు, ఈత వచ్చినవాళ్లు చేతులాడిస్తారు, ముందుకు దూకుతారు, నాకు తెలుసులే అంటారు. ఆయన కాలువలో మొనగాడే, ఒప్పుకుందాం, అరగంట మాత్రం ఆ మొనగాడితనం ఒడ్డు మీద చెప్పులతో పాటు వదిలిపెట్టమనండి.

బీపీ దాచడం అసలు వద్దు. ఆ ఫారంలో గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్, చెవి ఆపరేషన్, బీపీ, వాడుతున్న మందులు ఇవన్నీ అడుగుతారు, అవును అని రాసిన దాన్ని బట్టి డాక్టర్ సంతకం కావాలంటారు. నీళ్లలోకి దిగగానే కాళ్లలో ఉండే రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండెకు ఒక్కసారి పని పెరుగుతుంది. బీపీ అదుపులో లేని మనిషికి ఆ సమయంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అదుపులో ఉండి, మందు సరిగ్గా వేసుకునేవాళ్లను డాక్టర్లు చాలామందిని పంపిస్తారు, అందుకని దాచాల్సిన పనే లేదు. జనవరిలోనే మీ డాక్టర్ దగ్గరికి పోయి, వేసుకునే గోలీ పేరు చూపించి, స్కూబా ఫారం ప్రింటు తీసుకుపోయి అడగండి. కొన్ని రకాల బీపీ గోలీలు గుండె వేగాన్ని తగ్గించి పెడతాయి, అది డాక్టర్ చూడాలి. ఇదంతా మిర్యాలగూడలోనే తేల్చుకోండి. దీవి మీద ఒడ్డున నిలబడి, సూటు సగం తొడిగి, వెనక జనం చూస్తుండగా ఆ ఫారం చేతికిస్తే ఏ మగవాడైనా "లేదు" అనే గీస్తాడు. డాక్టర్ వద్దంటే ఆయన కూడా స్నార్కెల్ చేస్తాడు, మీకు తోడుంటుంది. ముందురోజు రాత్రి మద్యం తాగే అలవాటుంటే ఆ రాత్రికి ఆపమనండి, మీరు రాయలేదు గానీ అడగకుండానే చెబుతున్నా.

నడుము నొప్పులుంటే ఇంకో చిట్కా. నేను మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, మెడా నడుమూ మాట వినవు. సిలిండర్, జాకెట్, బరువులు అన్నీ కలిపి ఒడ్డు మీద ఇరవై కిలోల దాకా ఉంటుంది. "నాకు ఇసకలో మోయడం కాదు, నీళ్లలోనే తగిలించు" అన్నా. ఆ పిల్లవాడు సరేనని జాకెట్‌లో గాలి నింపి నీళ్ల మీద తేలేసి అక్కడే తగిలించాడు, నీళ్లలో దాని బరువే తెలియదు. అడిగితే చేస్తారు, అడగడానికే మనకు మొహమాటం.

బట్టల గురించి మీరు అడగలేదు కానీ ఆడవాళ్లు నాకు రాసే ఉత్తరాల్లో అదే మొదటి ప్రశ్న. వాళ్లిచ్చే వెట్‌సూట్ మెడ నుంచి మోకాళ్ల దాకానో మడమల దాకానో ఉంటుంది, లోపల లెగ్గింగు, ఒంటికి అతికే టీషర్టు వేసుకోండి, చీర, చున్నీ వద్దు. పుస్తెలతాడు తీయక్కర్లేదు, సూటు లోపల పెట్టి జిప్పు వేసుకుంటే కదలదు. గాజులు, వదులు ఉంగరాలు మాత్రం గదిలో పెట్టండి. ముక్కుపుడక తీసేయండి, మాస్క్‌లో ముక్కు దగ్గర రబ్బరు నొక్కుకుంటుంది, పైగా చెవుల కోసం మాటిమాటికీ ముక్కు మూస్తారు. మట్టెలు తీయననుకుంటే ఫిన్స్, అంటే కాళ్లకు తొడిగే రబ్బరు తెడ్లు, వాటి లోపలికి సాక్సులాంటివి ఇస్తారు, అవి అడిగి వేసుకోండి, లేకపోతే పది నిమిషాల్లో వేలు ఒరుసుకుపోతుంది, మా ఇంటావిడ వారం రోజులు కుంటింది. జడ కిందికి బిగించి వేసుకోండి, నుదుటి మీద ఒక్క పాయ మాస్క్ కిందికి పోయినా నీళ్లు కారతాయి. కళ్లజోడు ఉంటే దాని మీద మాస్క్ పట్టదు, పవర్ ఉన్న మాస్క్ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున పొట్ట నిండా తినొద్దు, రెండు ఇడ్లీలో అరటిపండో చాలు.

సాగర్ పోయి మునగమన్న మీ అత్తమ్మ మాటలో లెక్క కరెక్టే, ఖర్చు తక్కువ. కానీ కాలువలో అయినా రిజర్వాయర్‌లో అయినా చేయి చాపితే చేయి కనపడదు, లాగుడు తెలియదు, కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి, ఎండాకాలం వచ్చిందంటే కాలువలో గల్లంతైన పిల్లల వార్త పేపర్లో ఉంటూనే ఉంటుంది. అండమాన్‌లో ఫిబ్రవరిలో నీళ్లు తేటగా ఉంటాయి, గోరువెచ్చగా ఉంటాయి, 27, 28 డిగ్రీలు. మాస్క్ అద్దంలోంచి ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనపడుతుంది, అందుకే బయటికొచ్చిన ప్రతివాడూ మూరెడు చేపను బారెడు అంటాడు. కింద ఎర్ర రంగు కనపడదు, లోతుకు పోయేకొద్దీ నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి, మీ గోళ్ల రంగు నల్లగా మారిపోతే కంగారు పడకండి. చేతివేళ్లలా ఊగే జీవాల మధ్యలో తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు దాక్కుని తొంగి చూస్తాయి, మనం దగ్గరికి పోతే అరచేయంత చేప మీదికి వస్తుంది, ఇల్లు దానిది మరి. దేన్నీ ముట్టుకోవద్దు. పగడాలు రాళ్లలా కనపడతాయి గానీ ప్రాణమున్న జీవాలు, తెంపినా, ఒడ్డున దొరికాయని బ్యాగులో వేసుకున్నా వన్యప్రాణుల చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు. అత్తమ్మకు గవ్వలు తెద్దాం అనుకుంటే రసీదిచ్చే దుకాణంలోనే కొనండి.

మీ ఫిబ్రవరి ఎంపిక కూడా బాగుంది, వానాకాలం వడ్లు అయిపోయి యాసంగి కోతలు ఇంకా రాని టైము, మీకూ తీరిక, సముద్రానికీ తీరిక. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే అలలు ఎక్కువ, నీళ్లు మసకగా ఉంటాయి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, రెండున్నర గంటలు అనుకోండి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అన్నారు, 2018లో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ చేశారు. కాగితాల మీద ఏ పేరున్నా ఊరు అదే, కంగారు పడొద్దు. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు ఫెర్రీలో రెండు గంటలు, బస్సులో కడుపులో తిప్పే వాళ్లయితే ఎక్కడానికి అరగంట ముందే గోలీ వేసుకుని మధ్య వరసల్లో కూర్చోండి. దీవి మీద ఏటీఎంలు తక్కువ, నగదు కొంచెం దగ్గర పెట్టుకోండి. సెల్యులార్ జైలు మొదటి రోజే చూసేయండి. భాష గురించి దిగులక్కర్లేదు, శ్రీ విజయపురంలో మన ఉత్తరాంధ్ర నుంచి పోయి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆటో అతనితో వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే ఆయన చివరికి "ఎంతిస్తారో తెలుగులో చెప్పండి బాబూ" అన్నాడు.

ఇక కూర్చోవడం. అక్కా, డైవ్ కంటే ఇది కష్టం, ఒప్పుకుంటున్నా. మేం పోయినప్పుడు మొదటి రోజు మా ఇంటావిడ రిసార్టు గదిలో దుప్పట్లు మడత పెట్టింది. వాళ్లు వచ్చి మళ్లీ పరిచారు, మళ్లీ మడత పెట్టింది. నేను మెనూ కార్డు పట్టుకుని, ఇక్కడ ఒక పూట చేప కూర ధరకు మా ఊళ్లో ఎన్ని కిలోల చేపలొస్తాయో లెక్కలు కట్టా. మధ్యాహ్నానికి ఇద్దరికీ చిరాకు. ఏం తోచక ఇంటికి ఫోన్ చేసి నీళ్ల ట్యాంకు నిండిందా, పాలవాడు వచ్చాడా అని అడిగాం. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు డైవ్ చేసి వచ్చాక ఒళ్లు గాలి తీసిన ట్యూబులా అయిపోయింది, తిని కొబ్బరి చెట్ల కింద ఉయ్యాల మంచంలో వాలితే ఎప్పుడు కన్ను పట్టిందో తెలియదు. లేచేసరికి నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. పొద్దున పడవలు తేలినచోట ఇసక, గుంటల్లో చిన్న చిన్న పీతలు. ఆమె ఒక గుంట దగ్గర గొంతుక్కూర్చుని గంటసేపు ఆ పీతల్నే చూసింది. ఒకటి కన్నంలోంచి గోళీల్లాంటి ఇసక ఉండలు చేసి బయటేస్తోంది, ఇంకోటి వచ్చి వాటిని తొక్కి పోతోంది. "ఇది మీ చెల్లెలి ఇల్లు లెక్కనే ఉన్నది" అంది. పాతికేళ్లలో మేమిద్దరం ఒక గంట పని మాట లేకుండా కూర్చున్నది అదే అనుకుంటా.

కాబట్టి మొదటి రెండు రోజులు కూర్చోలేకపోతే మీలో లోపమేదో ఉందనుకోకండి, ఒంటికి ఇంకా వడ్ల లారీల చప్పుడు వినపడుతూనే ఉంటుంది. డైవ్ మూడో రోజుకు మార్చమన్నది విమానం కోసమే కాదు, అలసిపోయాక వచ్చే ఆ మధ్యాహ్నం కోసం కూడా. ఆ రోజు సాయంత్రానికి వేరే ప్రోగ్రామ్ ఏదీ పెట్టొద్దని మీ అబ్బాయికి చెప్పండి. మర్నాడు రాధానగర్ బీచ్‌కు పోండి, అయితే నాలుగింటికే పోండి, అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది, ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోతాడు, మన టైము లెక్కన ఆరున్నరకు బయల్దేరితే చీకటే. నీళ్లలో దిగొద్దని బోర్డు గానీ ఎర్రజెండా గానీ ఉంటే దిగొద్దు, ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. ఫోన్లు మీ ఆయనది, మీది రెండూ రోజుకు ఒక గంట తప్ప గదిలో పెట్టండి. ధాన్యం రేటు మీరు చూసినా చూడకున్నా అంతే ఉంటుంది. చేతులకు పని లేకపోతే ఉండలేనంటే ఒక ఊలు బంతో, పూలు కట్టే దారమో పట్టుకుపోండి, ఎవరూ ఏమీ అనుకోరు. దుప్పట్లు మాత్రం మడత పెట్టకండి.

సంక్రాంతికి చేసిన సకినాలు ఒక డబ్బా నిండా దాచి పెట్టుకోండి. డైవ్ నుంచి పైకొచ్చాక నోరంతా ఉప్పగా, ఆకలి నకనకలాడుతూ ఉంటుంది, రిసార్టులో టిఫిన్ టైము అప్పటికే అయిపోయి ఉంటుంది.